దారా, పటమా? ఎలుకల స్థలస్మృతి పరీక్షల చరిత్ర – గోరంట్ల సీమ ఫ్లోరైడ్ ప్రశ్న

వ్యాససంగ్రహం:

ప్రయోగశాల ఎలుకల స్థలస్మృతిని కొలవడానికి 1901 నుంచి అనేక రకాల చిక్కుదారుల కట్టడాలు, అంటే మేజ్‌లు, రూపొందాయి. వీటి చరిత్రను కేవలం పరికరాల పరిణామంగా చూడడం పరిపాటి. ఎలుక ప్రవర్తనకు అంతకుముందు చెప్పిన వివరణ చాలదని నిరూపించడానికే ప్రతి కొత్త మేజ్ పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్మాల్, వాట్సన్, టోల్‌మన్, ఓల్టన్, మారిస్ ప్రయోగాలను ఈ దృష్టితో పరిశీలించి, కూనూరు నుంచి హైదరాబాదుకు చేరిన భారతీయ ప్రయోగశాల ఎలుకల చరిత్రను జోడించి, పూర్వ అనంతపురం జిల్లాకు సంబంధించిన ఒక ప్రశ్నను విచారిస్తుంది. ఫ్లోరైడ్ నీరు తాగిన ఎలుక మేజ్‌లో తడబడితే, గోరంట్ల సీమలోని బిడ్డ చదువు గురించి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నదే ఆ ప్రశ్న.

కీలకపదాలు: స్థలస్మృతి, మేజ్, హిప్పోకాంపస్, జాతీయ పోషకాహార సంస్థ, ఫ్లోరైడ్, గోరంట్ల, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

చిత్రావతి ఒడ్డున ఉన్న గోరంట్ల నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడే వరకు గోరంట్ల, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లాలో భాగాలు. వానలు తక్కువ, రాతినేల ఎక్కువ అయిన ఈ సీమ తాగునీటి కోసం చాలాకాలం భూగర్భజలం మీదే ఆధారపడింది. గ్రానైట్, నైస్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. అందువల్ల పూర్వ అనంతపురం జిల్లా రాష్ట్రంలోని ఫ్లోరైడ్ ప్రభావిత జిల్లాలలో ఒకటిగా నమోదైంది. ఈ తీవ్రత జిల్లా అంతటా ఒకే తీరుగా ఉండదు. ఊరికో తీరు, ఒకే ఊళ్లో బోరుకో తీరు.

ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుందన్న విషయంలో వివాదం లేదు. అది మెదడును, ముఖ్యంగా పిల్లల గ్రహణశక్తిని కూడా దెబ్బతీస్తుందా అన్న ప్రశ్న గత మూడు దశాబ్దాలలో ముందుకు వచ్చింది. దానికి సమాధానం వెదికే ప్రయోగాలలో ఎక్కువ భాగం ఎలుకల మీద, మేజ్‌లలో జరిగాయి. కనుక ఆ ఫలితాలను చదవాలంటే ముందుగా మేజ్ అంటే ఏమిటో, అందులో నమోదయ్యే సెకన్లూ తప్పుల లెక్కా దేన్ని కొలుస్తాయో తెలియాలి. ఆ అవగాహన మేజ్ చరిత్ర నుంచి లభిస్తుంది.

2. కలుగు నుంచి మేజ్‌కు (1901–1908):

2.1 స్మాల్ ప్రయోగం:

అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో విల్లర్డ్ స్మాల్ 1901లో ప్రచురించిన పరిశోధన ఎలుకల మేజ్ అధ్యయనాలకు ఆదిగా భావించబడుతోంది. ఆయన సహాధ్యాయి లైనస్ క్లైన్ నేలలో ఎలుకలు తవ్వుకున్న కలుగుల అమరికను గమనించి చెప్పగా, ఆచార్యుడు ఎడ్మండ్ శాన్‌ఫర్డ్ ఇంగ్లండులోని హాంప్టన్ కోర్టు ఉద్యానవనంలో ఉన్న పొదల చిక్కుదారిని నమూనాగా సూచించాడు. స్మాల్ ఆ నమూనాను దీర్ఘచతురస్రంగా మార్చి, ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు గల వేదిక మీద ఇనుప వల గోడలతో నిర్మించాడు. నడుమ ఆహారం ఉంచాడు.

ఈ ఎంపికలోని ఔచిత్యం గమనించదగినది. ఎలుక స్వభావం చేత కలుగులో బతికే జీవి. వేరుసెనగ చేలలో, వరి గట్లలో ఎలుకలు పట్టే యానాదులకు ఒక కలుగుకు ఎన్ని ముఖద్వారాలుంటాయో, ఎలుక ఏ దారిన తప్పించుకుంటుందో అనుభవపూర్వకంగా తెలుసు. స్మాల్ చేసింది కూడా ఎలుకను దాని సహజ విద్యలోనే పరీక్షించడం. మీట నొక్కడం, తాడు లాగడం వంటి పనులు దానికి కొత్త. దారి వెదకడం కొత్త కాదు. మేజ్ ఇన్నేళ్లు నిలవడానికి ఇదొక కారణం.

2.2 వాట్సన్ సమాధానం:

ఎలుక దారి నేర్చుకుంటుందని స్మాల్ చూపాడు. ఏ ఇంద్రియంతో నేర్చుకుంటుందన్నది మిగిలిన ప్రశ్న. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్ 1907లో దీనికి కఠినమైన పద్ధతిలో జవాబు వెదికాడు. కొన్ని ఎలుకలకు చూపు, కొన్నింటికి వాసన, కొన్నింటికి వినికిడి లేకుండా చేసి, మీసాలు తొలగించి మేజ్‌లో వదిలాడు. అవి అప్పటికీ దారి నేర్చుకున్నాయి. దీన్నిబట్టి కండరాల, కీళ్ల కదలికల నుంచి కలిగే అనుభూతే ప్రధానమని ఆయన తేల్చాడు.

1908లో హార్వే కార్‌తో కలిసి చేసిన ప్రయోగం దీనికి మరింత బలం చేకూర్చింది. ఎలుక బాగా నేర్చుకున్న మేజ్‌లో ఒక దారిని పొట్టిగా మార్చగా, అది పాత పొడవు లెక్కనే పరుగెత్తి గోడకు ఢీకొంది. ఈ దృష్టిలో ఎలుక నేర్చుకున్నది స్థలాన్ని కాదు, అడుగుల వరుసను. ఒక అడుగు మరొక అడుగును పిలుస్తుంది. మధ్యలో ఆలోచనకు, జ్ఞాపకచిత్రానికి చోటు లేదు. ప్రవర్తనావాదం నిలబడిన పునాదులలో ఈ గోడకు ఢీకొన్న ఎలుక కూడా ఒకటి.

3. దారా, పటమా? (1929–1948):

3.1 గుప్త అభ్యసనం:

వాట్సన్ వివరణలో ప్రతిఫలానికి, అలవాటుకు మాత్రమే తావుంది. ఆహారం లేకుండా తిరిగిన ఎలుక ఏమీ నేర్చుకోకూడదు. 1929లో హ్యూ బ్లాడ్జెట్, 1930లో ఎడ్వర్డ్ టోల్‌మన్, చార్లెస్ హాన్జిక్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని బర్క్‌లీలో దీన్ని పరీక్షించారు. 1930 నాటి ప్రయోగంలో ఒక బృందానికి మొదటి నుంచీ గమ్యంలో ఆహారం దొరికింది. రెండవ బృందానికి ఎన్నడూ దొరకలేదు. మూడవ బృందానికి పది రోజులు ఏమీ లేక, పదకొండవ రోజు నుంచి దొరికింది. ఆ మూడవ బృందం తప్పులు ఒక్కసారిగా తగ్గి, మొదటి బృందంతో సమానమయ్యాయి. అంటే ఆ పది రోజుల్లోనూ ఎలుకలు నేర్చుకుంటూనే ఉన్నాయి. నేర్చుకున్నదాన్ని చూపే అవసరం మాత్రమే అప్పుడు లేదు.

ఇక్కడ పద్ధతికి సంబంధించిన ఒక ముఖ్యసూత్రం వెలువడింది. ఎలుక చేసి చూపినది వేరు, ఎలుకకు తెలిసినది వేరు. మేజ్‌లో ఆలస్యం చేసిన ప్రతి ఎలుకా మరచిపోయినది కాదు. ఆకలి లేనిదో, అలసినదో, భయపడినదో కావచ్చు.

3.2 జ్ఞానపటం:

1946లో టోల్‌మన్, రిచీ, కాలిష్ మరో అడుగు వేశారు. మలుపులున్న ఒకే దారిలో ఎలుకలను గమ్యానికి అలవాటు చేసి, తరువాత ఆ దారిని మూసివేసి, సూర్యకిరణాల్లా విస్తరించిన పద్ధెనిమిది దారులను తెరిచారు. వాట్సన్ వివరణ నిజమైతే ఎలుకలు పాత దారికి పక్కనే ఉన్నవాటిని ఎంచుకోవాలి. కాని సుమారు 36 శాతం ఎలుకలు గమ్యం ఉన్న దిక్కుకు తిన్నగా సాగే దారినే పట్టాయి. 1948లో టోల్‌మన్ తన ప్రసిద్ధ వ్యాసంలో ఎలుక మనసులో పరిసరాల ‘జ్ఞానపటం’ ఏర్పడుతుందని ప్రతిపాదించాడు.

దారి తెలియడానికి, పటం తెలియడానికి గల భేదం భారత కథ ఎరిగినవారికి కొత్త కాదు. అభిమన్యునికి పద్మవ్యూహంలో ప్రవేశించే క్రమం తెలుసు, వెలుపలికి వచ్చే క్రమం తెలియదు. అతనికి ఉన్నది ఒక దిశలో సాగే దారి జ్ఞానం. వ్యూహం మొత్తం మనసులో ఉన్నవాడు ఎక్కడ నిలబెట్టినా బయటపడగలడు. టోల్‌మన్ ఎలుకకు ఆపాదించినది ఈ రెండవ జ్ఞానాన్ని.

అయితే ఈ ప్రయోగానికీ లోపం ఉంది. శిక్షణ సమయంలో గమ్యం దగ్గర ఒక దీపం వెలిగించి ఉంచారు. ఎలుకలు మనసులోని పటాన్ని అనుసరించాయా, దీపాన్ని అనుసరించాయా అన్న సందేహాన్ని తరువాతివారు లేవనెత్తారు. ఒక్క దీపం మొత్తం నిర్ధారణను కదిలించగలదని తెలియడం పరిశోధకులకు గొప్ప పాఠం.

4. ఎలుక మీద వేసిన ముద్ర:

బర్క్‌లీలోనే రాబర్ట్ ట్రయాన్ మేజ్‌లో తక్కువ తప్పులు చేసిన ఎలుకలను వాటిలో వాటికి, ఎక్కువ తప్పులు చేసినవాటిని వాటిలో వాటికి సంకరం చేస్తూ తరాల తరబడి ఎంపిక చేశాడు. 1940లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కొన్ని తరాలకే ‘తెలివైన’, ‘మందమైన’ అనే రెండు వంశాలు స్పష్టంగా విడిపోయాయి. తెలివి వంశపారంపర్యమన్న వాదానికి ఇది పాఠ్యగ్రంథాలలో సాక్ష్యంగా నిలిచింది. కాని 1949లో లాయిడ్ సీర్ల్ అవే వంశాలను అనేక ఇతర పరీక్షలకు గురిచేయగా, ‘మందమైన’ ఎలుకలు అన్నింటిలోనూ వెనుకబడలేదు. వాటి వెనుకబాటులో కొంత భాగం పరికరం పట్ల బెదురుగా కనిపించింది. ట్రయాన్ వేరుచేసినది సాధారణ బుద్ధిని కాదు, ఒక ప్రత్యేక మేజ్‌లో నెగ్గే స్వభావాన్ని.

1963లో రాబర్ట్ రోసెన్‌తల్, కెర్మిట్ ఫోడ్ చేసిన ప్రయోగం దీనికి కొనసాగింపు. పన్నెండుమంది విద్యార్థులకు ఒక్కొక్కరికి ఐదేసి ఎలుకలనిచ్చి, సగం మందికి అవి తెలివైన వంశమనీ, మిగిలిన సగానికి మందమైన వంశమనీ చెప్పారు. నిజానికి అవన్నీ సాధారణమైనవే. అయినా ‘తెలివైన’ ఎలుకలు మెరుగైన ఫలితాలు సాధించినట్లు నమోదైంది. పరీక్షించేవాని నమ్మకం ఎలుకను పట్టుకునే తీరులో, దాన్ని మేజ్‌లో దించే తీరులో, లెక్క రాసే తీరులో చొరబడుతుంది. పరిశీలకునికి ఏ ఎలుక ఏ బృందానిదో తెలియకుండా ఉంచాలన్న నియమానికి ఇంతకంటే బలమైన సమర్థన లేదు. ముద్ర ముందు పడితే, ఫలితం ఆ ముద్రను అనుసరిస్తుంది. ఈ మాట ఎలుకలకే పరిమితం కాదని ఈ వ్యాసంలోని చివరి భాగం చూపుతుంది.

5. మెదడులో చోటు (1929–1978):

కార్ల్ లాష్లీ 1929 నాటి గ్రంథంలో, ఎలుక మెదడు పైపొరలో ఎక్కడ తొలగించామన్న దానికంటే ఎంత తొలగించామన్నదే మేజ్ జ్ఞాపకాన్ని నిర్ణయిస్తుందని చెప్పాడు. జ్ఞాపకానికి ప్రత్యేకమైన చోటు లేదన్న అభిప్రాయం దీనితో బలపడింది. 1957లో విలియం స్కోవిల్, బ్రెండా మిల్నర్ ప్రచురించిన రోగి వృత్తాంతం దాన్ని మార్చింది. మూర్ఛవ్యాధికి చేసిన శస్త్రచికిత్సలో హిప్పోకాంపస్‌తో సహా మెదడు లోపలి భాగాలు రెండు వైపులా తొలగించిన తరువాత, ఆ రోగికి కొత్త విషయాలు గుర్తుండడం దాదాపుగా ఆగిపోయింది.

ఎలుకల హిప్పోకాంపస్‌లో సూక్ష్మమైన విద్యుద్వాహకాలు అమర్చి, అవి స్వేచ్ఛగా తిరుగుతుండగా నాడీకణాల చర్యను నమోదు చేసిన జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ 1971లో ఒక విశేషాన్ని ప్రకటించారు. కొన్ని కణాలు ఎలుక ఒక నిర్దిష్టమైన చోటికి వచ్చినప్పుడే చురుకుగా స్పందిస్తున్నాయి. వీటికి ‘స్థలకణాలు’ అని పేరు వచ్చింది. 1978లో ఓకీఫ్, లిన్ నాడెల్ కలిసి రాసిన గ్రంథం హిప్పోకాంపస్‌నే టోల్‌మన్ చెప్పిన జ్ఞానపటానికి నిలయంగా ప్రతిపాదించింది. 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం పక్క భాగంలో ‘గ్రిడ్ కణాలను’ కనుగొంది. ఓకీఫ్‌కు, మోసర్ దంపతులకు 2014లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. టోల్‌మన్ తన పరిశీలనల నుంచి ఊహించిన పటానికి ఆరు దశాబ్దాలలో శారీరక ఆధారం దొరికింది.

6. గోడలు లేని మేజ్ (1976–1982):

6.1 ఎనిమిది చేతుల మేజ్:

డేవిడ్ ఓల్టన్, రాబర్ట్ శామ్యూల్‌సన్ 1976లో నడుమ వేదిక, చుట్టూ ఎనిమిది చేతులు గల మేజ్‌ను పరిచయం చేశారు. ప్రతి చేతి చివరా ఒక తిండి గింజ ఉంటుంది. ఒకసారి తిన్న చేతికి తిరిగి వెళితే శ్రమ వృథా. ఎలుకలు తొలి ఎనిమిది ఎంపికలలో సగటున ఏడుకు పైగా కొత్త చేతులనే ఎంచుకున్నాయి. ఈ రోజు ఎక్కడెక్కడికి వెళ్లివచ్చానన్న తాత్కాలిక జ్ఞాపకాన్ని ఇది కొలిచింది. అయితే వాసనను బట్టి ఎంచుకుంటున్నాయేమో, ఒక వరుసలో పక్కపక్క చేతులు తిరుగుతున్నాయేమో అన్న అనుమానాలను ప్రతి ప్రయోగంలోనూ నివృత్తి చేయవలసి వచ్చింది.

1979లో కారల్ బార్న్స్ వెలుతురుపడే వృత్తాకార వేదిక అంచున పద్ధెనిమిది రంధ్రాలు ఏర్పరచి, ఒక్కదాని కింద మాత్రమే చీకటి గూడు ఉంచి, ముసలి ఎలుకలు, పడుచు ఎలుకల స్థలస్మృతిని పోల్చింది. ఆకలి ప్రసక్తి లేకుండా చేసిన పరీక్ష ఇది.

6.2 నీటి మేజ్:

రిచర్డ్ మారిస్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో 1981లో ప్రకటించిన నీటి మేజ్‌లో గోడల చిక్కుదారి అసలే లేదు. సుమారు 1.3 మీటర్ల వ్యాసం గల గుండ్రని తొట్టిలో పాలు కలిపి మసకగా మార్చిన గోరువెచ్చని నీరు, ఆ నీటి మట్టానికి కొంచెం కింద మునిగి ఉన్న చిన్న పీట, ఇంతే సరంజామా. ఎలుకకు ఈత సహజంగా వచ్చు, నీళ్లలో ఉండడం మాత్రం ఇష్టం ఉండదు. పీట కనబడదు, వాసన రాదు. ఎటువైపు నుంచి దించినా గదిలోని కిటికీ, అలమర వంటి గుర్తులను బట్టి పీట ఉన్న చోటును పోల్చుకోవాలి.

ఈ మేజ్ విలువ దాని అనుబంధ పరీక్షలలో ఉంది. మొదటిది, పీటను తీసివేసి ఎలుక ఏ భాగంలో ఎక్కువసేపు వెదుకుతుందో చూడడం. వేగంగా చేరిందా, ఆలస్యంగా చేరిందా అన్న ప్రశ్నతో దీనికి పనిలేదు. రెండవది, పీటను నీటిపైకి కనబడేలా ఉంచడం. దాన్ని కూడా చేరలేని ఎలుకకు ఉన్నది జ్ఞాపకలోపం కాదు, చూపులోనో, ఈతలోనో, ఉత్సాహంలోనో లోపం. మూడవది, ఈత వేగాన్ని విడిగా లెక్కించడం. 1982లో మారిస్, గరుడ్, రాలిన్స్, ఓకీఫ్ కలిసి ప్రచురించిన ప్రయోగంలో హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఎలుకలు దాగి ఉన్న పీటను కనుగొనడంలో విఫలమై, కనబడే పీటను మాత్రం చేరగలిగాయి. ఈ రెండవ వాక్యం లేకపోతే మొదటి వాక్యానికి అర్థమే లేదు.

7. కూనూరు నుంచి హైదరాబాదుకు:

7.1 ఎలుకల వలస:

భారతదేశంలో ప్రయోగశాల ఎలుకల చరిత్ర పోషకాహార పరిశోధనతో ముడిపడి ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరులో బెరిబెరి విచారణ విభాగంగా ప్రారంభించినది 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయంగా మారింది, 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరులో 1920ల నుంచి పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకల వంశం సంస్థతోపాటు హైదరాబాదుకు వచ్చి, నేడు ‘డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్.’ అనే పేరుతో కొనసాగుతోంది. విస్టార్ అన్న పేరు ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ నుంచి వచ్చింది. అక్కడ తెల్ల ఎలుకను ప్రామాణిక ప్రయోగజీవిగా రూపొందించిన హెన్రీ డొనాల్డ్‌సన్, షికాగోలో వాట్సన్‌కు మార్గదర్శకులలో ఒకడు. అంటే గోడకు ఢీకొన్న షికాగో ఎలుకకు, తార్నాక ప్రయోగశాలలోని ఎలుకకు నడుమ ఒక శాస్త్రీయ బంధుత్వం ఉంది.

1957లో బొంబాయిలో మొదలైన ప్రయోగశాల జంతువుల సమాచార సేవ 1976లో ఈ సంస్థకు మారి, 1998లో జాతీయ ప్రయోగశాల జంతుశాస్త్ర కేంద్రంగా ఎదిగింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద ఏర్పడిన కమిటీ పర్యవేక్షణ, 1998 నాటి నియమాలు మేజ్ ప్రయోగాలకూ వర్తిస్తాయి. వాట్సన్ చేసిన విధంగా ఇంద్రియాలను తొలగించే ప్రయోగానికి నేడు అనుమతి దొరకడం కష్టం.

7.2 ఎలుక నుంచి మనిషికి: రెండు పద్ధతులు:

మెక్‌కారిసన్ 1920లలో దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజల ఆహారాన్ని ఎలుకల బృందాలకు పెట్టి, వాటి బరువును పోల్చాడు. సిక్కుల ఆహారం తిన్నవి అగ్రస్థానంలో, మద్రాసీల ఆహారం తిన్నవి అట్టడుగున నిలిచాయి. పాలు, గోధుమ, కూరగాయల విలువను చాటడంలో ఈ ప్రయోగం సఫలమైంది. కాని ఎలుకల తూకాన్ని జనసమూహాల దేహదారుఢ్యానికి కొలమానంగా చూపడంలో, ‘యుద్ధజాతుల’ గురించిన నాటి వలసపాలన ఊహలకు అది ఊతమిచ్చింది. ఆహారం గురించిన ఫలితం మనుషుల గురించిన తీర్పుగా మారింది.

దీనికి భిన్నమైన పద్ధతి 1968లో అదే సంస్థ నుంచి వచ్చింది. ఎస్. చంపకం, ఎస్.జి. శ్రీకంఠయ్య, సి. గోపాలన్ శైశవంలో క్వాషియార్కర్ వ్యాధికి చికిత్స పొందిన 19 మంది పిల్లలను, వారు ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసుకు వచ్చాక పరీక్షించారు. వయసు, లింగం, కుటుంబ సాంఘిక ఆర్థిక స్థితి వంటి అంశాలలో సరిపోలిన పిల్లలతో పోల్చి చూడగా, గ్రహణ, అమూర్త చింతన సామర్థ్యాలలో వెనుకబాటు కనిపించింది. ఎలుక నుంచి మనిషిని ఊహించడానికి బదులు మనిషినే పరీక్షించి, పేదరికం వల్ల వచ్చే భేదాన్ని వ్యాధి వల్ల వచ్చే భేదం నుంచి వేరుచేసే ప్రయత్నం ఇందులో ఉంది. మారిస్ కనబడే పీటతో చేసిన పనిని వీరు సరిపోలిన పిల్లలతో చేశారు.

7.3 స్థూలకాయ ఎలుకల పాఠం:

1990ల ద్వితీయార్ధంలో డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్. వంశంలో సహజంగా స్థూలకాయం గల ఎలుకలు పుట్టాయి. వీటి నుంచి ప్రత్యేక వంశాలు అభివృద్ధి అయ్యాయి. వీటిలో ఒక వంశానికి వయసుతోపాటు కంటి రెటీనా క్షీణిస్తుందని 2009లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఇటువంటి ఎలుకను నీటి మేజ్‌లో దించితే ఏమవుతుంది? అది గదిలోని గుర్తులను చూడలేదు. భారీ దేహం ఈతను మారుస్తుంది. పీటను ఆలస్యంగా చేరితే, స్థూలకాయం జ్ఞాపకశక్తిని తగ్గిస్తుందని రాయడం సులభం. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. కనబడే పీట పరీక్ష, ఈత వేగం లెక్క, చూపుతో నిమిత్తం లేని మరొక మేజ్ తోడైనప్పుడే ఆ వాక్యానికి అర్హత వస్తుంది.

8. ఫ్లోరైడ్ నీరు, మేజ్, గోరంట్ల సీమ:

8.1 ఎముక నుంచి మెదడుకు:

మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంత గ్రామాలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు 1937లో వర్ణించారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఇవన్నీ నేరుగా మనుషులను పరీక్షించి కనుగొన్నవి. మెదడు సంగతి అలా కాదు. దానికి సంబంధించిన ఆధారాలలో ఎక్కువ భాగం ఎలుకల నుంచి వచ్చాయి.

8.2 రెండు ప్రయోగాలు:

గోరంట్ల, హిందూపురం ప్రాంతానికి హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర. బెంగళూరు విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగం నుంచి మహబూబ్ బాషా, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఎలుకలకు 100, 200 పీపీఎం ఫ్లోరైడ్ గల నీటిని మూడు తరాల పాటు ఇచ్చారు. థైరాయిడ్ హార్మోన్లు తగ్గాయి, మెదడు కణజాలంలో మార్పులు కనిపించాయి. ‘టి’ ఆకారపు మేజ్‌లో ఆ ఎలుకలు నేర్చుకోవడంలో, గుర్తుంచుకోవడంలో వెనుకబడ్డాయి, గమ్యం చేరడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయి. మూడవ తరంలో ఈ ప్రభావం మరింత ఎక్కువ.

2018లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమానికి చెందిన మెక్‌ఫర్సన్ బృందం లాంగ్-ఎవాన్స్ ఎలుకలకు గర్భస్థ దశ నుంచి యవ్వనం వరకు 10, 20 పీపీఎం ఫ్లోరైడ్ నీటిని ఇచ్చింది. నీటి మేజ్‌లో నేర్చుకోవడం, పీట తీసివేసిన పరీక్ష, పీట చోటు మార్చిన పరీక్ష, ‘వై’ మేజ్, కదలికలకు, ఇంద్రియాలకు సంబంధించిన ఇతర పరీక్షలు అన్నింటిలోనూ ఫ్లోరైడ్ వల్ల కలిగిన భేదం కనిపించలేదు.

ఈ రెండు ఫలితాలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. మేజ్ చరిత్ర తెలిసినవారికి అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన సమాధానాలు. మోతాదులో ఐదు నుంచి ఇరవై రెట్ల తేడా ఉంది. మనిషి రక్తంలో చేరే స్థాయికి ఎలుకలో చేరాలంటే నీటిలో గాఢత సుమారు ఐదు రెట్లు ఎక్కువ ఉండాలని తరచుగా లెక్కకడతారు. ఆ లెక్కన 10, 20 పీపీఎం మనిషి తాగే నీటిలో 2, 4 పీపీఎంకు దగ్గర. 100, 200 పీపీఎం 20, 40కి దగ్గర. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు. కనుక పెద్ద మోతాదు ప్రయోగం ‘ఫ్లోరైడ్ మెదడును దెబ్బతీయగలదా’ అని అడుగుతుంది. చిన్న మోతాదు ప్రయోగం ‘ఊళ్లలో దొరికే స్థాయి దెబ్బతీస్తుందా’ అన్న ప్రశ్నకు చేరువవుతుంది.

మేజ్‌ల ఎంపిక కూడా ఒకటి కాదు. ‘టి’ మేజ్‌లో ఎలుక కుడివైపుకో ఎడమవైపుకో తిరగడం నేర్చుకుంటుంది. అది స్థలపటం వల్ల కావచ్చు, వాట్సన్ చెప్పిన కండరాల అలవాటు వల్ల కూడా కావచ్చు. గమ్యం చేరే సమయం జ్ఞాపకాన్నే కాక ఆకలిని, కండరాల బలాన్ని, బెదురును కూడా మోస్తుంది. ఫ్లోరైడ్ ఎముకలను, కండరాలను బాధించే పదార్థం కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం. ఎలుకల వంశం కూడా ఫలితాన్ని మార్చగలదు. తెల్ల ఎలుకల చూపు లాంగ్-ఎవాన్స్ ఎలుకల చూపు కంటే మందం.

8.3 పిల్లల ప్రశ్న:

అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2024లో వెలువరించిన సమీక్ష లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కు, పిల్లల బుద్ధిలబ్ధి తగ్గుదలకు సంబంధం ఉందని మధ్యస్థ విశ్వాసంతో చెప్పింది. అంతకు తక్కువ స్థాయి గురించి నిర్ధారించలేదు. ఈ నిర్ణయానికి ఆధారం ఎలుకల మేజ్ కాదు, భారత్‌తో సహా వివిధ దేశాలలో మనుషుల మీద జరిగిన అధ్యయనాలు. అయితే వాటిలో అనేకం ఒకే సమయంలో చేసిన పోలికలు. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊరు తరచుగా కరువు ఊరు, పేద ఊరు, పోషకాహారం అంతంతమాత్రంగా ఉన్న ఊరు కూడా అవుతుంది. 1968లో హైదరాబాదు పరిశోధకులు ఎదుర్కొన్న చిక్కే ఇక్కడా ఎదురవుతుంది.

ఇక్కడ పొరపాటు రెండు వైపులా ప్రమాదకరం. ఎలుకల ఫలితాన్ని అతిగా చదివితే ఫ్లోరైడ్ ఊరి పిల్లలు మందబుద్ధులన్న ముద్ర పడుతుంది. రోసెన్‌తల్ ప్రయోగం చూపినట్లు, ముద్ర వేసినవాని చేతిలోనే ఫలితం తయారవుతుంది. ఉపాధ్యాయుడు ముందే తక్కువ అంచనా వేసిన బిడ్డకు తక్కువ శ్రద్ధ దక్కుతుంది. ఎలుకల ఫలితం తేలలేదన్న సాకుతో నీటి సంగతి వాయిదా వేయడం మరో పొరపాటు. పళ్లు, ఎముకల మీద ఫ్లోరైడ్ చూపే ప్రభావానికి 1937 నుంచే ఆధారాలున్నాయి. సురక్షితమైన నీరు ఇవ్వడానికి అవి చాలు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి కేంద్రీయ ట్రస్టు అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం చేపట్టింది. అది ఏ మేజ్ ఫలితం కోసమూ ఎదురుచూడలేదు.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి వెలువడిన అంశాలు:

• మేజ్‌ల చరిత్ర ప్రత్యామ్నాయ వివరణలను ఒక్కొక్కటిగా మూసివేసుకుంటూ వచ్చిన చరిత్ర. స్మాల్ చిక్కుదారి నుంచి మారిస్ నీటి తొట్టి వరకు దారుల సంఖ్య తగ్గి, ప్రశ్న పదును పెరిగింది.

• గమ్యం చేరడానికి పట్టిన సమయం దానంతట అది జ్ఞాపకశక్తికి కొలత కాదు. చూపు, కదలిక, ఆకలి, బెదురు వంటి కారణాలను మినహాయించే అనుబంధ పరీక్షలు లేనప్పుడు ‘స్థలస్మృతి తగ్గింది’ అన్న నిర్ధారణ అసంపూర్ణం.

• ట్రయాన్ వంశాలు, మెక్‌కారిసన్ తూకాలు ఒకే హెచ్చరిక చేస్తున్నాయి. పరీక్షలోని గెలుపోటములను వంశాల, జనసమూహాల స్వభావంగా ప్రకటించడం శాస్త్రం పేరుతో వేసే ముద్ర.

• కూనూరు నుంచి వచ్చిన ఎలుకల వంశం, 1968 నాటి పిల్లల అధ్యయనం రెండూ ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వారసత్వం, ఎలుక ఫలితాన్ని సరిపోలిన పిల్లల అధ్యయనంతో కలిపి చదివే పద్ధతికి స్థానికమైన ఆదర్శం. పూర్వ అనంతపురం జిల్లా ఫ్లోరైడ్ ప్రశ్నకు ఈ పద్ధతే తగినది.

• ఈ అంశం మీద పరిశోధన చేసేవారు మోతాదును మానవస్థాయితో పోల్చి తెలపడం, బృందాల గుర్తింపు పరిశీలకునికి తెలియకుండా ఉంచడం, ‘టి’ మేజ్‌తోపాటు చోటును నేరుగా పరీక్షించే మేజ్‌ను జోడించడం అవసరం.

• గోరంట్ల సీమలో ఫ్లోరైడ్ నీరు తాగే బిడ్డకు ముందు కావలసినది మంచినీరు. ఆ బిడ్డ బుద్ధి గురించిన తీర్పును ఎలుక చేత చెప్పించడం ఎలుకకూ, బిడ్డకూ అన్యాయమే.